వైరు పీకినవాడూ, వైరు పెట్టిన కుర్రాడూ

మా కోనసీమ తీర్థాల్లో ఆర్కెస్ట్రా మంచి ఊపులో ఉండగా కరెంటు పోవడం చూడనివాళ్ళు ఉండరు. కీబోర్డు చటుక్కున మూగబోతుంది. గిటారు టింగుటింగుమన్నా ముందు వరసకి కూడా వినపడదు. పాటగాడు చచ్చిన మైకు చేత్తో పట్టుకుని జనరేటరు వైపు చూస్తూ నిలబడతాడు. గుడి దగ్గర సన్నాయి మేళం మాత్రం ఆ చీకట్లో తన పాటికి తను వాయించుకుంటూనే ఉంటుంది. డోలుకి కరెంటుతో పనేముంది!

రాక్ సంగీతంలో ఈ కరెంటు తియ్యడం కావాలని చేసే పని. ‘అన్‌ప్లగ్డ్’ అంటారు. ఎమ్‌టీవీ 1989లో ఆ పేరుతోనే కార్యక్రమం మొదలుపెట్టింది. 1992లో ఎరిక్ క్లాప్టన్ ఉత్త చెక్క గిటారు పట్టుకుని కూర్చుని చేసిన కచేరీ ఆల్బం ప్రపంచమంతా అమ్ముడుపోయింది. హోరు తగ్గిస్తే పాట వేళ్ళు బయటపడతాయని వాళ్ళ నమ్మకం. తెలుగులో చెట్టు వేళ్ళకీ చేతి వేళ్ళకీ ఒకటే మాట కావడం మనకి కలిసొచ్చింది. నేను చెప్పబోయేది రెండిటి గురించీ.

క్లాప్టన్ కంటే చాలా ముందే ఈ పని ఇంకా లోతుగా చేసినవాడు జాన్ మెక్‌లాఫ్లిన్. 1942లో ఇంగ్లండులో పుట్టాడు. జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ పక్కన వాయించాడు. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టి, చెవులు దిబ్బెళ్ళు పడేంత హోరుతో పేరు తెచ్చుకున్నాడు. ఆ హోరు వదిలేసి 1975 జులైలో అమెరికాలో ఒక కాలేజీ వేదిక మీద చెక్క గిటారుతో కూర్చున్నాడు. చుట్టూ ఎల్. శంకర్ వయొలిన్, జాకీర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం, ఆర్. రాఘవన్ మృదంగం. ఎలక్ట్రిక్ గిటారు లేదు, డ్రమ్ములు లేవు. ఆ కచేరీయే ‘శక్తి’ బృందం తొలి ఆల్బం.

అయితే హోరు తగ్గించగానే ఒక చిక్కు వచ్చిపడింది. గమకం ఎలా? మన సంగీతంలో స్వరం రాయిలా ఒకచోట కూర్చోదు. పక్క స్వరాన్ని తాకి వస్తుంది, ఊగుతుంది, జారుతుంది. తోడి రాగంలో గాంధారాన్ని కదపకుండా నిలబెట్టి వాయిస్తే అది తోడే కాదు. గిటారు మెట్లేమో చెక్కని అంటిపెట్టుకుని ఉంటాయి. వేలు చెక్కకి తగిలి ఆగిపోతుంది, తీగని పక్కకి లాగడం కష్టం. మెక్‌లాఫ్లిన్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. అక్కడ దొరికింది కిటుకు. వీణకి ఇరవై నాలుగు మెట్లూ మైనం మీద ఎత్తుగా నిలబడి ఉంటాయి, వాటి మధ్యన ఖాళీ. తీగని పక్కకి లాగితే ఒక్క మెట్టు మీదే రెండు మూడు స్వరాలు పలుకుతాయి. అందుకని తన గిటారుకి మెట్ల మధ్య చెక్కని గుంటలుగా తొలిపించాడు. అడ్డంగా మరికొన్ని తీగలు కట్టించాడు, శ్రుతి మోగుతూ ఉండటానికి. విదేశీ గిటారు సగం వీణయింది.

వీణ అనగానే మాకు తూర్పు గుర్తొస్తుంది. అటువైపు గోదావరి పాయ గౌతమి దాటితే ద్రాక్షారామం, ఈమని శంకరశాస్త్రి పుట్టిన ఊరు. ఆయన వీణ పాట పాడుతున్నట్టే ఉండేది. ఒకసారి మీటి, ఆ మోత ఆరిపోయేలోగా ఎడమచేత్తో తీగ లాగుతూ సంగతంతా పలికించడం ఆ బాణీలోని కష్టం. చిట్టిబాబు ఆయన శిష్యుడే.

పడమట ఇంకో పాయ, వసిష్ఠ. సఖినేటిపల్లి రేవులో పంటెక్కితే నరసాపురం, చించినాడ వంతెన మీదుగా వెళ్తే పాలకొల్లు. 1969లో ఉప్పలపు శ్రీనివాస్ పుట్టింది అక్కడ. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ని ఆరేళ్ళ పిల్లవాడు అందుకున్నాడు.

మాండలిన్‌తో కర్ణాటక సంగీతమా అని అప్పట్లో నవ్వినవాళ్ళని తప్పుపట్టలేం. దానికి ఎనిమిది తీగలు, జంటలుగా. జంటని పక్కకి లాగితే రెండూ సమంగా సాగవు, శ్రుతి చెడుతుంది. పైగా పొట్టి వాద్యం, మీటగానే నాదం చచ్చిపోతుంది. అందుకే పాశ్చాత్యులు దాన్ని గబగబా మీటుతూ మోత నిలబెడతారు. తోడికి ఆ గబగబ పనికిరాదు. శ్రీనివాస్ జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకుని, ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. కరెంటు తోడైతే నాదం నిలుస్తుంది, ఆ నిలిచిన కాసేపట్లో వేలు జారుతుంది, ఊగుతుంది. అవతల దేశాల వాళ్ళు సంగీతం వేళ్ళ కోసం వైరు పీకితే, ఈ పాలకొల్లు కుర్రాడు అదే పని కోసం వైరు పెట్టాడు.

ఇంకో సంగతి. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు, మాండలిన్ వాయించేవాడు కాదు. ఆయన పాడేవాడు, పిల్లవాడు విన్నదాన్ని తీగ మీద వెతుక్కునేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్ళు లేకపోవడమే మేలైందని నా అనుమానం. చెప్పేవాళ్ళుంటే మాండలిన్ వాయించడం వచ్చేది. లేకపోబట్టి పాట వచ్చింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. అప్పటికి పద్నాలుగేళ్ళు. 1998లో పద్మశ్రీ. నలభై అయిదేళ్ళకే, 2014 సెప్టెంబరులో వెళ్ళిపోయాడు.

1990ల చివర్లో ‘రిమెంబర్ శక్తి’ పేరుతో పాత బృందం మళ్ళీ లేచింది. అందులో మెక్‌లాఫ్లిన్ పక్కన శ్రీనివాస్ కూర్చున్నాడు. చూడగా మెక్‌లాఫ్లిన్ చేతిలో తొలిచిన చెక్క గిటారు లేదు. ఎలక్ట్రిక్ గిటారు! వైరు పీకినాయన మళ్ళీ వైరు పెట్టుకున్నాడు. 2001లో వచ్చిన ‘సాటర్డే నైట్ ఇన్ బాంబే’ వినండి. ఇద్దరూ ఒకరి సంగతి ఒకరు అందుకునేటప్పుడు ఏది గిటారో ఏది మాండలినో పోల్చుకోవడానికి నాకు కాసేపు పట్టింది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారేటప్పుడు తెలిసిపోయింది. ఆ జారు పాలకొల్లుది.