వెదకని వనము

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున పోటీ పరీక్షలకై చదువుకొను యువతీయువకుల నడుమనుండి వచ్చునపుడెల్ల నాకు సుందరకాండలోని 13వ సర్గము స్ఫురించును. నోటిఫికేషనుకై యేండ్లు నిరీక్షించి, తీరా వ్రాసిన పరీక్ష రద్దయినదని విని, ఊరికి బోయి తల్లిదండ్రులకు ఏ ముఖము చూపుదునని కుములు బిడ్డ యొకవంకను, లంకయంతయు గాలించియు సీతను గానక, తాను రిక్తహస్తములతో మరలినచో రాముడు జీవింపడు, లక్ష్మణుడు జీవింపడు, సుగ్రీవుడును జీవింపడని తలపోసి తలపోసి ప్రాణత్యాగమునకు సిద్ధపడిన హనుమంతుడొకవంకను నాకు కన్పట్టుదురు. వాల్మీకి ఆ మహావీరుని నిరాశను దాచలేదు. బ్రతికియున్నవానికే శుభము లభించునని తెలిసికొన్న పిమ్మటనే అతని చూపు తానింకను వెదకని యశోకవనముపై బడినది.

ఈ సర్గమును పారాయణము చేయువాడు అక్షరోచ్చారణతో తృప్తిపడరాదు. హనుమంతుడు చింతించిన ప్రాకారముపై అతనితోబాటు తానును కూర్చుండవలెను. నేను ప్రత్యుషస్సున గ్రంథము విప్పునది ఇందుకే. భావన లేని పారాయణము నాకెన్నడును ధైర్యము నీయలేదు.

అట్టి భావనతో ఈ కథను పాడినవారొకరున్నారు. గుంటూరు జిల్లా మోపర్రులో 1921లో జన్మించి, 1944 నాటి ‘తాసిల్దార్’ చిత్రమున పాడి, తెలుగు తెరకు తొలి నేపథ్యగాయకుడుగా పేరొందిన ఎం.ఎస్. రామారావుగారు, 1971 యుద్ధకాలమున వాయుసేనలో పైలటైన పెద్దకుమారుని జాడ తెలియక మనశ్శాంతి గోల్పోయి, హైదరాబాదు జేరి, హనుమాన్ చాలీసాను, ఆపై సుందరకాండను గేయరూపమున తెనిగించి, ‘సుందరదాసు’ అయినారు. బిడ్డ జాడ గానని తండ్రి, జాడ వెదకు కథనే యెన్నుకొనుట యాదృచ్ఛికమని నేను నమ్మజాలను. తన వెదకులాట కథలోవలె ముగియునని ఆయనకు పూచీ యిచ్చినవారెవ్వరు? అయినను సీత కనబడిన ఘట్టమును ఆయన గొంతెత్తి పాడినారు. సంస్కృతము రాని గృహిణులు, చదువే రాని వృద్ధులు ఆయన పాట క్యాసెట్టుతో గొంతు గలిపి పారాయణము చేసికొనుట మా వీథులలో నేనెరుగుదును. ఆయన 1992లో దివంగతులైనారు. పాట మాత్రము వినవచ్చుచునే యున్నది.

గ్రంథాలయమున చదువుకొను బిడ్డలారా, సుందరకాండలోని 68 సర్గములను నియమముతో ముగింపుడని మిమ్ము నిర్బంధింపను. ముందుగా 12, 13 సర్గములను తాత్పర్యముతో, పెదవి కదిపి చదువుడు. తలుపులు తెరవకమునుపు మెట్లపై కూర్చుండియైనను చదువవచ్చును.