హృదయ వైఫల్యం – రక్త పరీక్షల అన్వయం
హృదయ వైఫల్య రోగుల రక్తంలో కీటోన్లు పెరుగుతాయన్నది పాత పరిశీలనే. అయితే చేతి సిర నుండి తీసిన రక్తంలోని కీటోన్ల పరిమాణాన్నిబట్టి గుండె జీవక్రియను నిర్ణయించడం సమంజసం కాదు. ఆ రక్తంలో కాలేయం, కండరాలు, మూత్రపిండాల పనులన్నీ కలగలిసి ఉంటాయి. రోగి చేసిన ఉపవాసం సైతం అందులో ప్రతిఫలిస్తుంది. 2020లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధన ఈ లోపాన్ని చాలావరకు సవరించింది. 110 మందిలో ధమని రక్తాన్ని, గుండె కండరం వాడుకొని విడిచిన కరోనరీ సైనస్ రక్తంతో పోల్చి చూసింది. వైఫల్యం చెందిన గుండె కీటోన్లను దాదాపు మూడు రెట్లు అధికంగా వినియోగిస్తున్నదని తేల్చింది. కనుక రక్తంలో పెరిగిన కీటోన్లను హానికి చిహ్నంగా మాత్రమే చదవరాదు. అవి గుండెకు ఇంధనం కూడా. అయితే ఇందులో పోలికకు తీసుకున్నవారు సైతం గుండె లయ చికిత్సకు వచ్చిన రోగులే. ఆరోగ్యవంతుల గుండె లెక్క ఇంకా మిగిలే ఉంది.