2007 చట్టంలో సంరక్షకురాలి స్థానం: ఒక విమర్శ

గత భాగంలో మీరు తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 ముఖ్యాంశాలు చదివారు. ఇప్పుడు దాన్ని అనంతపురం జిల్లా పల్లెలోని ఒక ఇంటికి అన్వయించి పరిశీలిద్దాం.

ముందుగా చట్టం చేసిన మేలును గుర్తించాలి. పిల్లలు పట్టించుకోని వృద్ధులు సివిల్ కోర్టుల చుట్టూ తిరగనక్కరలేదు. డివిజన్ స్థాయి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. సాధారణంగా 90 రోజుల్లో అది తేలాలి. వృద్ధులను వదిలివేసినవారికి 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

అయితే ఈ చట్టం కుటుంబాన్ని ప్రధానంగా బాకీదారుగానే చూస్తుంది. వానలు లేక వేరుశనగ దక్కని ఏడాది కొడుకు బెంగుళూరుకు వలస పోయాడనుకోండి. పక్షవాతంతో మంచం పట్టిన అత్తకు అన్నం తినిపించేది, బట్టలు మార్చేది, రాత్రిళ్లు లేచి పక్కకు తిప్పేది కోడలే. ఆమె కూలికి పోలేదు, పుట్టింటి పెళ్లికీ పోలేదు. చట్టంలోని 'పిల్లలు' అన్న నిర్వచనంలో కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు ఉన్నారు. కోడలు లేదు. 2019 నాటి సవరణ బిల్లు ఆమెను చేర్చాలని ప్రతిపాదించినా అది చట్టం కాలేదు. పైగా ఆ బిల్లు ఆమెను చేర్చదలచింది బాధ్యుల జాబితాలో, సహాయం పొందేవారి జాబితాలో కాదు.

పింఛను ఉంది కదా అని మీరు అడగవచ్చు. పక్షవాతంతో పూర్తిగా మంచానికి పరిమితమైన వారికి రాష్ట్ర ప్రభుత్వం 2024లో నెలకు 15,000 రూపాయలు ప్రకటించింది. ఇది పెద్ద ఊరట. కాని ఆ సొమ్ము ఇచ్చినా ఒక్క పూట కోడలి బదులు కూర్చునే మనిషి ఊళ్లో దొరకడం కష్టం. ఇంగ్లండులో 2014 నాటి సంరక్షణ చట్టం సంరక్షకుల అవసరాలను విడిగా అంచనా వేయాలని స్థానిక సంస్థలను ఆదేశించింది. మన చట్టంలో అటువంటి సెక్షన్ లేదు.

ఈ లోటును సామాజిక కార్యకర్త కొంతవరకు పూడ్చగలరు. విచారణకు ముందు ట్రిబ్యునల్ కేసును రాజీ అధికారికి పంపే వీలుంది. ఆ దశలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లను కూర్చోబెట్టి ఎవరు డబ్బు ఇస్తారు, ఎవరు నెలకు నాలుగు రోజులు వచ్చి ఉంటారు అన్నది తేల్చవచ్చు. పుండ్లు పడకుండా రోగిని తిప్పే పద్ధతిని కోడలికి నేర్పించవచ్చు. ఇంటికి వెళ్లినప్పుడు అత్త ఆరోగ్యంతో పాటు, "నువ్వు తెల్లారేదాకా నిద్రపోయి ఎన్నాళ్లయిందమ్మా?" అని కోడలినీ అడగండి.

అభ్యాసం: మీ ఊరిలో మంచం పట్టిన వృద్ధులున్న ఒక ఇంటిని సందర్శించి, సంరక్షకురాలి దినచర్యను గంటలవారీగా నమోదు చేయండి.