మూడు సాక్ష్యముల తీర్పు

కొడవలూరు వంటి ఊరిలో ఒక పాఠశాల గదిని ఊహించుడు. గోడకు రెండు ఏంటెన్నాల వై-ఫై పెట్టె ఉన్నది. ఎదుట ముప్పదిమంది విద్యార్థులు ఫోనులతో కూర్చున్నారు. ఫోను పంపిన తరంగము నేరుగాను, గోడలకును ఇనుప బీరువాకును తగిలియు, పలు దారులలో పెట్టెను చేరును. ఆ తరంగములు ఒకచోట కలిసి బలపడును. మరొకచోట ఒకదానినొకటి రద్దుచేసికొనును. 2.4 గిగాహెర్ట్జ్ తరంగము పొడవు 12.5 సెంటీమీటర్లు. కావున సుమారు 6 సెంటీమీటర్ల కదలికతోనే మంచిచోటు చెడ్డచోటు కావచ్చును.

రెండవ ఏంటెన్నా ప్రయోజనము ఇదియే. ఒక్కొక్కదానిలో సంకేతము పదింట ఒకసారి క్షీణించినచో, రెండింటిలోను ఒకేసారి క్షీణించుట నూటికి ఒకసారియే. ఒకదాని క్షీణతకు రెండవదానితో సంబంధము లేనప్పుడే ఈ లెక్క చెల్లును. ఉపాయము పాతదే, ఆర్.సి.ఏ. ఇంజనీర్లు బెవరేజ్, పీటర్సన్ 1931లోనే రేడియో టెలిగ్రాఫునకు ఇట్టి పద్ధతిని వివరించిరి.

రెండింటిలో ఏది మేలని తేల్చునది ఎవరు? చిప్పును, దానిని నడుపు డ్రైవర్ అను ప్రోగ్రామును. 2008లో లినక్స్‌లో చేరిన ఏథ్9కె డ్రైవర్‌లో ఇందుకొక చిన్న నియమమున్నది. ప్రతి ప్యాకెట్టును ఏ ఏంటెన్నాతో గ్రహించినదో చిప్పు తెలుపును. అది ప్రధాన ఏంటెన్నా కానిచో డ్రైవర్ ఒకటి లెక్కించును. వరుసగా మూడుసార్లు అట్లే జరిగినచో రెండవదానిని ప్రధానముగా చేయును. నడుమ ఒక్కసారి మొదటిది వచ్చినను లెక్క మరల సున్న యగును.

ఈ నియమము మెచ్చదగినది. రెండు ఏంటెన్నాలు సమానమే అయినను రెండవది ఒకసారి వచ్చుటకు సగము అవకాశమున్నది. వరుసగా మూడుసార్లు వచ్చుటకు ఎనిమిదింట ఒకటియే. తొందరపాటును ఇంత తక్కువ శ్రమతో అరికట్టుట నేర్పే.

అయినను లోపములు రెండు. మొదటిది, అది కాలమును లెక్కింపదు. సెకనుకు ఒక మీటరు నడచువాడు 6 సెంటీమీటర్లు కదలుటకు 0.06 సెకను పట్టును. మూడు ప్యాకెట్లు అంతకంటె చాల త్వరగా రావచ్చును. అప్పుడు అవి ముగ్గురు సాక్షులు కావు. ఒకే సాక్షి ముమ్మారు చెప్పిన మాట. రెండవది, లెక్క అందరికిని కలిపి ఒక్కటే. కిటికీ దగ్గరి విద్యార్థికి మేలైన ఏంటెన్నా వెనుక బల్లవానికి మేలు కానక్కరలేదు. ఒకని సాక్ష్యముతో మరియొకనికి తీర్పు జరుగును.

ప్రధాన ఏంటెన్నా తప్పినను చిప్పు ప్రతి ప్యాకెట్టుకు మరల ఎంచుకొనగలదు గనుక నష్టము స్వల్పమే. 2009లో ఆమోదింపబడిన 802.11ఎన్ ప్రమాణము ననుసరించు పరికరములలో పలు గ్రాహక వలయములు ఉండవచ్చును. అట్టిచోట సంకేతములను కలిపియే వాడుకొందురు గనుక ఎంపిక బాధ తగ్గును.

ఉపాధ్యాయులు ఈ నియమమును తరగతిలో నాణెములతో పరీక్షింపవచ్చును. ఎన్ని సాక్ష్యములు వచ్చినవనుటకంటె, అవి ఒకదానిపై ఒకటి ఆధారపడనివా యని అడుగుట ముఖ్యమని విద్యార్థులు గ్రహించినచో, ఈ చిన్న ప్రోగ్రాము పెద్ద పాఠమే చెప్పినట్లు.