అడుగు తిప్పి చూసేవాళ్ల పింగాణీ

గుజిరీ అంగట్లో దాదాపు ప్రతిదానికీ కిలో ధర ఉంటుంది. ఇనుముకొకటి, ఇత్తడికొకటి, పాత పేపర్లకొకటి. పింగాణీకి మాత్రం ఉండదు. కరిగించి ఇంకోటి చేసుకునే వీల్లేదు, పగిలితే మునుపటిలా అతకదు, తూకానికి వేస్తే కొనే నాథుడు లేడు. అందుకే పాకాల, చిత్తూరు, తిరుపతి వైపు ఎవరైనా పాత ఇల్లు ఖాళీ చేస్తే రాగి కాగులు, ఇత్తడి బిందెలు ముందుగా బండెక్కుతాయి. కప్పులు, సాసర్లు, జాడీలు గోనెసంచిలో పడి, కొసరుగా వచ్చినట్టు అంగడి చేరి ఓ మూలన ఉండిపోతాయి.

కానీ కొలిమికి పోయిన ఇత్తడి చెంబు మళ్లీ చెంబుగా దొరకదు. పింగాణీకి ఆ గండం లేదు. చెయ్యి జారకుండా కాపాడుకుంటే నూరేళ్లయినా కొలిమిలోంచి వచ్చిన నాటి రంగు పోదు. మూలన ఉన్న ఆ సంచి ముందు కూర్చుని ఒక్కో ముక్కా తుడిచి చూసే ఓపిక ఉన్నవాళ్లే పాత పింగాణీ వ్యాపారాన్ని నిలబెడుతున్నారు. వాళ్లు చూడకపోతే ఆ సంచి నేరుగా చెత్తకుప్పకే పోతుంది.

పాకాల లాంటి ఊరికి దూరదేశాల పింగాణీ రావడంలో వింతేమీ లేదు. సౌత్ ఇండియన్ రైల్వే 1890ల తొలినాళ్లలో విల్లుపురం నుంచి కాట్పాడి, చిత్తూరు, పాకాల మీదుగా ధర్మవరం దాకా మీటరు గేజి లైను వేసింది. తిరుపతి మీదుగా గూడూరు పోయే లైను కూడా పాకాలలోనే చీలింది. జంక్షన్ అంటే రైల్వే ఉద్యోగులు, వాళ్ల బదిలీలు, బదిలీకి ముందు అమ్మేసే ఇంటి సామాన్లు. మద్రాసు రేవులో దిగిన టీ సెట్లు ఈ దారిన లోపలి ఊళ్లకు చేరేవి. ఆ రైల్వే ఫలహారశాలలను మద్రాసు స్పెన్సర్ కంపెనీ నడిపేది. ప్లేటు మీద ‘ఎస్.ఐ.ఆర్.’ అన్న ఇంగ్లీషు అక్షరాలు కనబడితే అది కనీసం 1951 ఏప్రిల్ 14కు ముందుది. ఆ రోజే సౌత్ ఇండియన్ రైల్వే దక్షిణ రైల్వేలో కలిసిపోయింది.

ఇంకా వెనక్కి వెళ్తే కథ మరీ పాతది. నెల్లూరు తీరంలోని కొత్తపట్నంలో, కాకతీయ గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయశాసనం వేయించిన మోటుపల్లిలో, విజయనగరం శిథిలాల్లో చైనా పింగాణీ పెంకులు దొరికాయి. ఆ విజయనగర రాజులు ఏలిన చంద్రగిరి కోట పాకాలకు ఎంతో దూరం కాదు. రాజుల కాలం పింగాణీ గుజిరీ అంగట్లో దొరుకుతుందని ఆశపడక్కర్లేదు గానీ, ఈ నేలకు పింగాణీతో చుట్టరికం ఏడెనిమిది వందల ఏళ్లదని గుర్తుంచుకుంటే చేతిలోని సాసరును చూసే చూపే మారుతుంది.

వెతికేవాళ్లు మొదట నేర్చుకోవాల్సింది ఏది పింగాణీ, ఏది కాదు అన్నది. మన ఇళ్లలో పింగాణీ పళ్లెం అని పిలిచేవాటిలో చాలావరకు ఇనుప రేకు మీద గాజుపూత పోసిన ఎనామెల్ పళ్లేలే. అయస్కాంతం అంటుకుంటుంది, పెచ్చు లేచిన చోట తుప్పు కనబడుతుంది. వాటికీ గిరాకీ ఉంది, కానీ ఆ బేరం వేరు. ఊరగాయ జాడీ ఇంకో జాతి. మెడ దాకా గోధుమ రంగు, కింద తెలుపు, లోపల రాయిలా బిగిసిన మట్టి. అది స్టోన్‌వేర్. దాన్ని ఉప్పు, పులుపు ఏమీ చేయలేవు కాబట్టే ఆవకాయ ఏడాదంతా అందులో భద్రంగా ఉంటుంది.

అసలు పింగాణీ తెల్ల కేయొలిన్ మట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ కలిపి 1300 డిగ్రీల సెల్సియస్ పైన కాల్చినది. చైనావాళ్లు ఈ విద్యను వందల ఏళ్లు తమ దగ్గరే దాచుకున్నారు. యూరప్‌లో తొలిసారి దీన్ని సాధించి కార్ఖానా పెట్టింది 1710లో, జర్మనీలోని మైసెన్‌లో. ఇంగ్లండులో స్పోడ్ కార్ఖానా 1790లలో, కాల్చిన పశువుల ఎముకల బూడిదను దాదాపు సగం పాళ్లు కలిపి బోన్ చైనాను ఒక కొలిక్కి తెచ్చింది. కప్పు వెనక సెల్‌ఫోన్ టార్చి పెట్టి ముందు నుంచి చూస్తే వేళ్ల నీడ కనబడుతుందా? అయితే అది పింగాణీయో, బోన్ చైనాయో. వెలుగు ఏమాత్రం రాకపోతే మామూలు మట్టి సామాను మీద తెల్ల పూత అయి ఉండొచ్చు, మరీ మందపాటి పింగాణీ కూడా కావచ్చు. ఈ ఒక్క పరీక్షతో తేల్చేయకూడదు.

తర్వాత చెవి పని. కప్పును అరచేతిలో వదులుగా నిలబెట్టి గోటితో అంచు మీద తట్టాలి. సన్నగా, కాసేపు మోగితే బాగున్నట్టు. టక్కుమని ఆగిపోతే ఎక్కడో నెర్రె ఉంది, కంటికి కనబడకపోయినా సరే.

అసలు చదువంతా అడుగునే ఉంది. ఉదాహరణకు నీలం, తెలుపు విల్లో ప్లేటు ఒకటి దొరికిందనుకుందాం. రెండు పిట్టలు, వంతెన, విల్లో చెట్టు ఉన్న బొమ్మ. చైనాదిలా కనబడినా ఈ బొమ్మను ప్రచారంలోకి తెచ్చింది ఇంగ్లీషు కుండల కార్ఖానాలు. ముందు బొమ్మను భూతద్దంతో చూడాలి. కుంచెతో వేసిందైతే గీత ఒక చోట లావు, ఒక చోట సన్నం. అచ్చు కాగితం మీంచి దింపిందైతే సన్న చుక్కలు, సన్న గీతలు ఉంటాయి, అంచు చుట్టూ తిరిగే డిజైను ఎక్కడో ఒక చోట కలవకుండా అతుకు పడుతుంది. ఇప్పుడు ప్లేటు బోర్లించాలి. పీట అంచు మీద ఏళ్లతరబడి బల్ల మీద జరిగిన గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి. ఉప్పుకాగితంతో రుద్ది పాతదానిలా చేసిన ప్లేటుకు గీతలన్నీ ఒకే వైపు పోతాయి.

ఆ తర్వాత ముద్ర. 1842 నుంచి 1883 దాకా బ్రిటిష్ డిజైన్లకు వజ్రం ఆకారపు రిజిస్ట్రేషన్ గుర్తు ఉండేది, 1884 నుంచి దాని స్థానంలో వరుస నంబర్లు వచ్చాయి. అమెరికా 1890లో చేసిన సుంకాల చట్టంతో, 1891 నుంచి అక్కడికి పోయే సరుకు మీద దేశం పేరు తప్పనిసరైంది. కాబట్టి ‘ఇంగ్లండ్’ అని ఒక్క మాటే ఉంటే మామూలుగా 1891 తర్వాతిది, ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని ఉంటే చాలావరకు ఇరవయ్యో శతాబ్దానిది. జపాన్ కప్పుల మీద 1921 దాకా ‘నిప్పన్’ అని ఉండేది. ‘ఆక్యుపైడ్ జపాన్’ అన్న ముద్ర రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1952 లోపు తయారైందని చెబుతుంది. కలకత్తా బెంగాల్ పాటరీస్ లాంటి స్వదేశీ ముద్రలను చాలామంది పక్కన పెట్టేస్తారు. అది పొరపాటు. మన దేశపు కార్ఖానాల చరిత్రను సేకరించేవాళ్లు వాటి కోసమే చూస్తుంటారు. చైనా చక్రవర్తుల పేర్లతో ఉన్న ముద్రలను మాత్రం వెంటనే నమ్మకూడదు. పూర్వుల మీద గౌరవంతో తర్వాతి తరాలవాళ్లే పాత పేర్లు వేసుకునేవారు, మోసానికి వేసేవాళ్లు సరేసరి.

కంటికి అలవాటు కావాలంటే మంచి సరుకు చూడాలి. హైదరాబాదులో 1951 డిసెంబరు 16న మొదలైన సాలార్‌జంగ్ మ్యూజియంలో మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరించిన చైనా, జపాన్, యూరప్ పింగాణీ గదులకు గదులు ఉంది. అక్కడ ఒక పూట గడిపినవాడికి నకిలీ పూత మెరుపు కంట్లో నలుసులా తెలిసిపోతుంది. సరుకు చేతులు మారే చోట్లు వేరు. హైదరాబాదు జుమ్మెరాత్ బజార్ ఒకటి, చెట్టినాడు ఇళ్ల సామాన్లు అమ్మే కారైక్కుడి అంగళ్లు మరొకటి. ఈ సీమవాళ్లకు ఒకప్పుడు దగ్గరి దారి మద్రాసు మూర్ మార్కెట్. అది 1985లో కాలిపోయింది.

అమ్మకంలో ధరను మొదట తేల్చేది నెర్రె, పెచ్చు, అరిగిన బంగారు గీత. సాసరు లేని కప్పు విలువ బాగా పడిపోతుంది. అతికిన చోటు అల్ట్రావయొలెట్ టార్చి వెలుగులో చాలాసార్లు వేరే రంగులో మెరుస్తుంది. దాన్ని దాచకుండా ఫొటో తీసి, అడుగు ముద్రతో పాటు కొనేవాళ్లకు చూపించే వర్తకుడి దగ్గరికే జనం మళ్లీ వస్తారు. వస్తువు ఏ ఊరి నుంచి, ఎలాంటి ఇంటి నుంచి వచ్చిందో ఒక చీటీ రాసి పెట్టడం కూడా వ్యాపారమే. పాకాల రైల్వే కుటుంబపు టీ సెట్టు అన్న వాక్యం పోతే అది ఊరూ పేరూ లేని సెట్టే. అంగడివాడితో బేరమాడటం ఒకటి, విలువ తెలియక ఇంట్లో ఉన్న ముసలమ్మ దగ్గర కారుచౌకగా లాక్కోవడం ఇంకొకటి. తెలిసినవాళ్లు ధర చెప్పి కొనాలి.

చట్టమూ ఉంది. 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉన్న 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చేతిపని వస్తువు పురావస్తువు. వాటిని వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు ఉండాలి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అంతకంటే కొత్తదాన్ని విదేశానికి పంపేవాళ్లు అది పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకుంటారు. ‘ఇంగ్లండ్’ ముద్ర ప్లేట్లలో కొన్ని ఇప్పటికే ఆ గీత దాటాయి, తేదీ చదవడం రావాల్సింది ఇందుకు కూడా.

శుభ్రం చేయడానికి గోరువెచ్చని నీళ్లు, సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. బ్లీచింగు వేస్తే నెర్రెల్లోకి దిగి పూతను లోపలి నుంచి లేపేస్తుంది. పూత పైన వేసిన పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి వాటిలో చింతపండు పులుసు, నిమ్మకాయ పచ్చడి పెట్టకూడదు, ఆ మాట కొనేవాళ్లకు చెప్పి అమ్మాలి. పార్సిల్ చేసేటప్పుడు ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పరచకుండా విడివిడిగా చుట్టి అంచు మీద నిలబెట్టాలి. కప్పులో కప్పు పెట్టకూడదు, పిడి చుట్టూ కాగితం ఉండలు కుక్కాలి. ఆ పెట్టెను ఇంకో పెద్ద పెట్టెలో దించి, రెండింటి మధ్య నాలుగు వైపులా వేళ్లు పట్టేంత మందాన మెత్తటి సరుకు నింపాకే బస్సు పార్సిల్ ఆఫీసుకు తీసుకెళ్లాలి.