ప్రీమో లేవి శిబిర స్మృతులలో ‘ముసల్మాను’

ఇటలీలోని ట్యూరిన్ నగరానికి చెందిన యూదు రసాయన శాస్త్రజ్ఞుడు ప్రీమో లేవి 1944 ఫిబ్రవరిలో ఆష్విట్జ్‌కు తరలించబడ్డాడు. పేరు పోయి, చేతిమీద పచ్చబొట్టుగా 174517 అనే అంకె మిగిలింది. మోనోవిట్జ్‌లోని రబ్బరు కర్మాగారపు శిబిరంలో చాకిరీ చేసి, 1945 జనవరి 27న సోవియట్ సేనల రాకతో బయటపడ్డాడు. తిరిగివచ్చి వ్రాసిన ‘ఇతడు మనిషేనా’ అనే గ్రంథాన్ని ఐనావుది సంస్థ మొదట నిరాకరించగా, 1947లో ఒక చిన్న సంస్థ 2,500 ప్రతులు ముద్రించింది. 1958లో ఐనావుది వారే దానిని మళ్ళీ వెలువరించారు.

ఈ గ్రంథంలో ఒక మాట దగ్గర ముస్లిం పాఠకుడు ఆగక తప్పదు. ఆకలితో ఎముకల గూడై, చూపు కూడా చచ్చి, గ్యాసు గదికి సిద్ధమైన ఖైదీని ఆ శిబిరంలో పాతకాపులు ‘ముసల్మాను’ అని పిలిచేవారు. ఎందుకో తనకు తెలియదని లేవి నిజాయితీగా వ్రాశాడు. 1986లో వెలువడిన తన చివరి గ్రంథంలో రెండు కారణాలు పేర్కొన్నాడు: ఒకటి విధికి తల వంచడం, రెండవది తలకు చుట్టిన కట్లు తలపాగాను పోలి ఉండటం. రెండూ అంతగా నమ్మదగినవి కావని తానే అన్నాడు. అక్కడితో వదిలేశాడు. ఆ పేరు ఎవరిదో వారిని గురించి ఒక్క వాక్యమైనా వ్రాయకపోవడం ఇంత జాగ్రత్తగల రచయితలో లోటే.

పలమనేరు, పుంగనూరు సంతల్లో ‘తురక’ అన్న మాట ఏ గొంతుతో పలికితే ఏ అర్థం వస్తుందో ఎరిగిన వారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

విశేషమేమంటే, మొదటి కారణాన్ని లేవి సాక్ష్యమే కొట్టివేస్తున్నది. ఇచ్చిన ఆజ్ఞలన్నీ పాటించి, ఇచ్చిన రొట్టె మాత్రమే తిని, నియమం తప్పని వాడు మూడు నెలలకు మించి బ్రతకడం అరుదు అని అతను లెక్క చెప్పాడు. అంటే వారిని చంపినది మనస్తత్వం కాదు, కొలిచి పెట్టిన ఆకలి. ఇక అల్లాహ్‌కు విధేయత అన్నది చేతులు ముడుచుకొని కూర్చోవడం కాదు. ఒంటెను ముందు కట్టివేసి, ఆ తరువాత దైవంపై భారం వేయమని చెప్పిన ప్రవక్త (స) బోధ పిల్లలకూ తెలిసినదే. టిప్పు సుల్తాను వంశీకురాలు నూర్ ఇనాయత్ ఖాన్ నాజీలకు వ్యతిరేకంగా రహస్య విధులు నిర్వహించి, 1944 సెప్టెంబరులో దహావు శిబిరంలో చంపబడింది. ఆ శిబిరాల భాషలో ఆమె ఎంతమాత్రం ‘ముసల్మాను’ కాదు!

భక్తులకు ఎక్కువ కష్టం కలిగించేది మరో ఘట్టం. 1944 అక్టోబరులో గ్యాసు గదికి మనుషులను ఏరిన రాత్రి, ముసలి కూన్ తాను ఎంపిక కానందుకు బిగ్గరగా దేవునికి కృతజ్ఞతలు చెప్పుకుంటాడు. పక్క మంచంలోనే చావు ఖాయమైన ఇరవై ఏళ్ళ గ్రీకు యువకుడు బెప్పో పడుకొని ఉన్నాడు. తాను దేవుడినైతే ఆ ప్రార్థనను ఛీకొట్టేవాడినని లేవి వ్రాశాడు. దీనిని దైవదూషణగా తోసిపుచ్చడం తేలిక. కానీ తన కోసం కోరుకున్నదే సోదరుని కోసమూ కోరనివాని విశ్వాసం పూర్తి కాదని నేర్చుకున్న సమాజం, ఈ కోపంలోని న్యాయాన్ని గుర్తించగలదు.

అయితే కూన్‌పట్ల లేవి మరీ కఠినంగా ఉన్నాడు. చావు అంచునుండి వెనక్కు వచ్చిన వృద్ధుని నోట ఆ క్షణాన మరేమి వస్తుంది? అదే ఎంపికలో తన చీటీ రెనే అనే బలమైన యువకుని చీటీతో తారుమారై ఉండవచ్చునని లేవియే వ్రాసుకున్నాడు. కూన్‌ను తూచిన తక్కెడలో తనను తూచుకోవడానికి అతనికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది.