గొంతు కలిపితే చాలునా?

పుష్య బహుళ పంచమి. 1847లో తిరువయ్యారులో త్యాగయ్య సిద్ధి పొందిన తిథి. ఆ సాయంత్రం ఎల్.బి. నగర్‌లో మెట్రో ఎక్కి, మూడో స్టేషనైన దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, ఒక కాలనీ హాల్లో ఆరాధనకి వెళ్లాను. గాయకులు ఓ అరవై మంది, నాలుగు వయొలిన్లు, రెండు మృదంగాలు, ఒక వేణువు. అందరూ కలిసి పంచరత్న కీర్తనలు పాడారు.

నాట రాగంలోది సంస్కృతం. అది బాగానే సాగింది. చిక్కంతా తక్కిన నాలుగింటితోనే. అవి మన తెలుగు! అయినా మనవాళ్లు పదాన్ని ఎక్కడ పడితే అక్కడ విరిచేశారు. వరాళి వచ్చేసరికి సగం గొంతులు పుస్తకాల్లో దాక్కున్నాయి. శ్రీరాగం అందుకోగానే మళ్లీ అరవై మందీ హాజరు!

గోష్ఠిగానంలో సుఖం అదేనండీ. మన తప్పుని పక్కవాళ్ల గొంతు కప్పేస్తుంది. నష్టమూ అదే.

ఆ గోష్ఠిలో ఆడవాళ్లే ఎక్కువ. ఒకప్పుడు తిరువయ్యారులో స్త్రీలు పాడకూడదన్నారు. బెంగుళూరు నాగరత్నమ్మగారు ఊరుకోలేదు. స్త్రీల ఆరాధన వేరుగా నడిపి మరీ ఆ హక్కు సాధించారు. అంత కష్టపడి సంపాదించిపెట్టిన చోట పెదవులాడించి సరిపెట్టుకుంటే ఎలా?

నా ముందు వరుసలో ఒక పెద్దావిడ, శ్రుతి కాస్త తప్పుతూనే, వరాళి కీర్తన మొత్తం పదం చెడకుండా పాడారు. అడిగితే, "అర్థం తెలిస్తే ధైర్యం వస్తుంది బాబూ" అన్నారు.

వచ్చే ఏడు నిర్వాహకులు ముందురోజు ఒక గంట అర్థం చెప్పిస్తే బాగుండును. చెప్పించకపోతే మాత్రం నేను ఆవిడ పక్కనే కూర్చుంటాను.